కాలేజీ లైబ్రరీ కేటలాగ్‌ను కోహాకు మార్చడం: సమగ్ర మార్గదర్శి

చాలా కాలేజీ లైబ్రరీల్లో పరిస్థితి ఒకేలా ఉంటుంది. ఎప్పుడో పదిహేనేళ్ల కిందట పెట్టించిన సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్లోనే తెరుచుకుంటుంది. దాన్ని ఇచ్చినవాళ్లు ఫోన్ ఎత్తరు. ఎత్తినా ముందు ఏఎంసీ (ఏటా మెయింటెనెన్స్‌కు కట్టే డబ్బు) బకాయి కట్టమంటారు. ఇంతలో ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచి, "కోహాకు మారిపోదామండీ, వేసవి సెలవుల్లో అయిపోవాలి" అంటారు. కోహా అంటే లైబ్రరీ కేటలాగ్, పుస్తకాల ఇష్యూ చూసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. అప్పటి నుంచి లైబ్రేరియన్‌కు నిద్ర పట్టదు.

ఈ పని మా కాలేజీలో చేశాను. ఆ తర్వాత తెలిసిన లైబ్రేరియన్లకు మరో రెండుచోట్ల సాయం చేశాను. మూడుచోట్లా ఒకటే జరిగింది. కోహాలోకి రికార్డులు ఎక్కించడానికి ఒక పూట చాలింది, దానికి ముందు డేటా బాగుచేయడానికి నెలలు పట్టింది. అందరూ నన్ను ఆ ఒక్క పూట గురించే అడుగుతుంటారు. నేను మాత్రం ఎక్కువగా ఆ నెలల గురించే రాస్తున్నాను, ఎందుకంటే పని చెడేది అక్కడే.

కోహా అన్న మాటకు న్యూజిలాండ్ మావోరీ భాషలో కానుక అని అర్థం. హోరోఫెనువా అనే చోటి లైబ్రరీ ట్రస్టు పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం దాటి పనిచేయదని తేలడంతో 1999లో దీన్ని రాయించుకుంది. 2000 జనవరిలో వాడకంలోకి తెచ్చి, అందరూ ఉచితంగా వాడుకునేలా వదిలేసింది. అంటే కోహా పుట్టిందే మనలాగే పాత సాఫ్ట్‌వేర్ నుంచి బయటపడాల్సిన అవసరంలో. మీరు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నా ఇక్కడ చెప్పే వాటిలో చాలా భాగం అలాగే వర్తిస్తుంది.

1. ముందు మీ డేటాను మీ చేతిలోకి తెచ్చుకోండి

కొత్త సర్వర్ కొనడానికి ముందే చేయాల్సిన పని ఇది. పాత సాఫ్ట్‌వేర్ నుంచి మూడు రకాలుగా డేటా తీసుకోండి. ఒకటి, మొత్తం డేటాబేస్ బ్యాకప్. రెండు, మార్క్ రికార్డుల ఎగుమతి. మార్క్ అంటే పుస్తకం వివరాలను నంబర్లున్న ఫీల్డుల్లో, కంప్యూటర్ చదివేలా రాసే పద్ధతి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ, కాలేజీ లైబ్రరీల కోసం ఉన్న యూజీసీ కేంద్రం) వారి సోల్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఈ సదుపాయం ఉంటుంది, ఫైలు ఐఎస్ఓ 2709 అనే ప్రామాణిక పద్ధతిలో వస్తుంది. మూడు, ఆక్సెషన్ రిజిస్టర్ (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబరు ఇచ్చి రాసుకునే జాబితా) మొత్తం ఎక్సెల్‌లో.

మూడూ ఎందుకని అడగొచ్చు. మార్క్ ఎగుమతిలో టైటిల్, రచయిత, ప్రచురణ వివరాలు బాగానే వస్తాయి గానీ ధర, బిల్లు నంబరు, కొన్న తేదీ, ఎవరి దగ్గర కొన్నాం లాంటివి చాలాసార్లు రావు. అవి ఎక్సెల్ ఎగుమతిలో దొరుకుతాయి. రెండింట్లోనూ లేనిది ఏదైనా తర్వాత గుర్తొస్తే, డేటాబేస్ బ్యాకప్ ఒక్కటే దిక్కు.

పాత సంస్థ డేటా ఇవ్వడానికి డబ్బు అడిగితే, కంగారుపడకుండా కొన్నప్పటి అగ్రిమెంట్ బయటికి తీయండి. ఆ డేటా టైపు చేసింది మీ సిబ్బంది, అది మీ కాలేజీ ఆస్తి. ఈ మాట ప్రిన్సిపాల్ గారి సంతకంతో లెటర్‌హెడ్ మీద వెళ్తే చాలా తేడా ఉంటుంది.

2. నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోండి

మొత్తం టైటిళ్లు ఎన్ని, మొత్తం కాపీలు ఎన్ని, అన్ని పుస్తకాల ధర కలిపితే ఎంత, ప్రస్తుతం విద్యార్థులు, లెక్చరర్ల దగ్గర ఉన్న పుస్తకాలు ఎన్ని. ఈ నాలుగూ పాత సాఫ్ట్‌వేర్‌లో ఎంత చూపిస్తుందో, కాగితపు ఆక్సెషన్ రిజిస్టర్‌లో ఎంత ఉందో పక్కపక్కనే రాయండి. మొదటిసారి చూసినప్పుడు రెండూ దాదాపు ఎప్పుడూ కలవవు. కలవకపోయినా ఫర్వాలేదు, తేడా ఎంతో ముందే తెలియాలి. లేదంటే రేపు ఆడిట్‌లో ప్రతి తేడా కోహా వల్లే వచ్చిందంటారు.

మొత్తం ధర చాలామంది తీయరు, నాకు మాత్రం అదే అన్నిటికన్నా నమ్మకమైన తూకం. కాపీల సంఖ్య సరిపోయినా ధర తేడా వచ్చిందంటే, ఎక్కడో కాలమ్ పక్కకు జరిగిందనో, డాలర్లలో రాసిన 45 అనే ధర రూపాయల కింద వెళ్లిందనో అర్థం.

3. ఆక్సెషన్ నంబరు చెడిపోకుండా చూసుకోండి

టైటిల్‌లో అక్షరం తప్పు పడితే తర్వాత దిద్దుకోవచ్చు. రచయిత పేరు రెండు రకాలుగా ఉన్నా దిద్దుకోవచ్చు. ఆక్సెషన్ నంబరు తప్పితే మాత్రం షెల్ఫ్‌లో ఉన్న పుస్తకానికీ కంప్యూటర్లో ఉన్న రికార్డుకూ సంబంధం తెగిపోతుంది. దాన్ని తిరిగి కలపాలంటే ఒక్కో పుస్తకాన్నీ చేత్తో తీసి చూడటం తప్ప వేరే దారి లేదు.

మా దగ్గర జరిగింది చెబుతాను. మాకు రెండు రిజిస్టర్లు ఉండేవి, ఒకటి జనరల్, ఇంకొకటి ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల బుక్ బ్యాంక్. రెండూ 1 నుంచే మొదలయ్యాయి. పాత సాఫ్ట్‌వేర్ రెంటినీ వేరువేరు విభాగాలుగా పెట్టుకోవడంతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆక్సెషన్ నంబరే మాకు బార్‌కోడ్. కోహాలో ఒక బార్‌కోడ్ ఒక పుస్తకానికే ఉండాలి. మేం అది గమనించకుండా మొదటి ప్రయత్నంలో రెండు ఫైళ్లూ కలిపి ఎక్కించాం. రెండో రోజు ఒక అమ్మాయి బుక్ బ్యాంక్ పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. లోపలి పేజీలో పచ్చ స్టాంపు మీద 1024 అని ఉంది. స్కాన్ చేస్తే తెర మీద కెమిస్ట్రీ పుస్తకం, అది వేరే అబ్బాయి పేరు మీద. ఆ అమ్మాయి బెదిరిపోయి, "సార్, నేను ఆ పుస్తకం తీసుకోలేదు" అంది. తప్పు మాది. అప్పుడు అంతా వెనక్కి తీసి, బుక్ బ్యాంక్ నంబర్లన్నిటికీ ముందు 'బీబీ' చేర్చి, ఆ పుస్తకాలకు కొత్త లేబుళ్లు అంటించి మళ్లీ ఎక్కించాం.

కాబట్టి ఎక్సెల్‌లో ఆక్సెషన్ కాలమ్ మీద మూడు పరీక్షలు చేయండి. ఒకే నంబరు రెండుసార్లు ఉందా? మధ్యలో నంబర్లు ఎగిరిపోయాయా? ఖాళీగా ఉన్నవి ఎన్ని? ఎగిరిపోయిన ప్రతి నంబరుకూ కాగితపు రిజిస్టర్ తెరిచి చూడండి. కొన్ని ఎప్పుడో రద్దు చేసినవి అయి ఉంటాయి, కొన్ని టైపు చేయడం మర్చిపోయినవి.

ఇక అంకెల ముందు సున్నాలు. పుస్తకం మీద అంటించిన బార్‌కోడ్‌లో 004571 అని ఉంటే కోహాలోనూ 004571 అనే ఉండాలి. 4571 అని ఎక్కిందంటే స్కానర్ చదివినా కోహా "అలాంటి పుస్తకం లేదు" అంటుంది. ఆ సున్నాలు మింగేది ఎక్కువగా ఎక్సెలే.

4. ఎక్సెల్‌తో జాగ్రత్త

ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకండి. డేటా ట్యాబ్‌లోంచి దిగుమతి చేసుకుని ప్రతి కాలమ్‌నూ 'టెక్స్ట్' అని ఎంచుకోండి. లేకపోతే ముందు సున్నాలు పోతాయి. సున్నాతో మొదలయ్యే పది అంకెల ఐఎస్‌బీఎన్ (ప్రచురణకర్త పుస్తకానికి వేసే గుర్తింపు నంబరు) తొమ్మిది అంకెలవుతుంది. పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ 9.78 పక్కన ఇ అక్షరంతో పొట్టిగా కనిపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే అసలు అంకెలు తిరిగి రావు. సంపుటాల కాలమ్‌లో 2-3 అని ఉంటే తేదీగా మారిపోతుంది.

తేదీలన్నీ 2009-05-12 పద్ధతిలోకి, అంటే సంవత్సరం, నెల, రోజు వరసలోకి తెచ్చుకోండి. ధర దగ్గర 'రూ.' అనీ '/-' అనీ ఉన్నవి తీసేసి ఉత్త అంకె ఉంచండి. మొదటి ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, ప్రతిరోజూ ఆ రోజు తేదీతో కొత్త కాపీ మీద పనిచేయండి.

5. ఒక టైటిల్, నలభై కాపీలు

పాత సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఒక పుస్తకానికి ఒక వరస. ఒకే టెక్స్ట్‌బుక్ నలభై కాపీలుంటే నలభై వరసలు. కోహా పద్ధతి వేరు. టైటిల్‌కు ఒక రికార్డు, దాని కింద నలభై ఐటమ్‌లు. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే విద్యార్థి వెతికినప్పుడు ఒకే పుస్తకం నలభైసార్లు కనిపిస్తుంది, అందులో ఏది ఖాళీగా ఉందో చూడటానికి ఒక్కొక్కటీ నొక్కాలి.

దీనికి ఎక్సెల్‌లో 'టైటిల్ నంబర్' అని కొత్త కాలమ్ పెట్టండి. టైటిల్, రచయిత, ప్రచురణకర్త, ఎడిషన్, సంవత్సరం ఒకటే అయిన వరసలన్నిటికీ ఒకే నంబరు ఇవ్వండి. ఎడిషన్ మారితే నంబరూ మారాలి. మూడో ఎడిషన్‌నూ నాలుగో ఎడిషన్‌నూ కలిపేయాలని ఆశ పుడుతుంది, కలపకండి. సిలబస్‌కు కావలసింది నాలుగోది అయినప్పుడు విద్యార్థికి మూడోది చేతికొస్తే కోపం రావడం సహజమే.

ఈ పనికి ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా ఉపయోగపడుతుంది. దాదాపు ఒకేలా ఉన్న పేర్లను గుంపులుగా చూపించి, కలపాలా వద్దా అని అడుగుతుంది. నిర్ణయం మీదే. టైటిల్ నంబరు సిద్ధమైతే, ఒక నంబరు కింద ఉన్న కాపీలన్నిటినీ ఒక రికార్డులోకి చేర్చే చిన్న పైథాన్ స్క్రిప్టు మీ సీఎస్ఈ విద్యార్థే రాసిపెట్టగలడు.

6. పేర్లు, తెలుగు పుస్తకాలు

ఈ భాగం మీద ఓపికగా కూర్చోండి, ఎందుకంటే బయట దొరికే గైడ్లలో మన భాష ఇబ్బందులు రాసి ఉండవు.

మొదటిది ఇంటిపేరు. పేరులో చివరి మాటే ఇంటిపేరనుకుని చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ముందుకు తెస్తాయి. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. ఫలితంగా కె. వెంకటేశ్వరరావు అనే ఒకే రచయిత 'రావు, కె. వెంకటేశ్వర'గా, 'వెంకటేశ్వరరావు, కె.'గా, 'కె.వి. రావు'గా మూడుచోట్ల ఉంటాడు. తెలుగు రచయితలకు ఒకే నియమం పెట్టుకోండి: పుస్తకం టైటిల్ పేజీ మీద ఎలా ఉందో అలా, ఇంటిపేరు ముందు, కామా లేకుండా. కలం పేరుతో ప్రసిద్ధులైన వారికి కలం పేరే పెట్టి, అసలు పేరు నుంచి దారి చూపించే అథారిటీ రికార్డు తయారుచేయండి.

రెండోది లిపి. పాత కేటలాగుల్లో తెలుగు పుస్తకాల టైటిళ్లు మూడు రకాలుగా ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినవి ఎక్కువ. ఒక్క 'చరిత్ర' అనే మాటనే ఒకరు ఒక స్పెల్లింగ్‌తో, ఇంకొకరు ఇంకో స్పెల్లింగ్‌తో కొట్టి ఉంటారు. రెండో రకం అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అవి పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతిలోకి) మార్చాలి. మార్చాక ఒత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు ఒకసారి కంటితో చూడాల్సిందే. మూడో రకం యూనికోడ్‌లోనే ఉన్నవి. వాటిలోనూ చిక్కుంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో టకారం తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. ఒకరు ఆ గుర్తుతో టైపు చేసి ఇంకొకరు అది లేకుండా వెతికితే పుస్తకం దొరక్కపోవచ్చు.

నేను చేసేదేమిటంటే, మార్క్‌లో టైటిల్ ఉండే 245 ఫీల్డులో తెలుగు లిపిలో టైటిల్, టైటిల్ మరో రూపం ఉండే 246లో ఇంగ్లీషు అక్షరాల్లో అదే టైటిల్. పాత ఎంట్రీలోని ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎంత వింతగా ఉన్నా 246లో ఉంచేస్తాను. ఫోన్లో తెలుగు కీబోర్డు లేని విద్యార్థి అలాగే వెతుకుతాడు. వేల తెలుగు పుస్తకాలుంటే అన్నీ ఒకేసారి మార్చడం కుదరదు. ఎక్కువగా ఇష్యూ అయ్యేవి ముందు, మిగతావి కోహాలోకి వెళ్లాక నెలకు కొన్ని చొప్పున మార్చుకోండి. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు కాబట్టి వాటి వివరాలు ఇంటర్నెట్ నుంచి దించుకునే వీలు తక్కువ. పుస్తకం తెరిచి చూసి టైపు చేయాలి.

సాంకేతికంగా రెండు విషయాలు మర్చిపోకండి. మార్క్ రికార్డు మొదట్లో లీడర్ అనే 24 అక్షరాల వరస ఉంటుంది. సున్నా నుంచి లెక్కపెడితే అందులో తొమ్మిదో స్థానంలో చిన్న 'ఎ' ఉండాలి. అది యూనికోడ్ అని చెప్పే గుర్తు. ఆ చోటు ఖాళీగా ఉంటే రికార్డును పాత మార్క్-8 పద్ధతిగా చదువుతారు, అందులో తెలుగు లిపి లేదు, అక్షరాలన్నీ పాడవుతాయి. రెండోది, భాషా కోడ్. రికార్డు గురించిన కోడ్లుండే 008 ఫీల్డులో తెలుగుకు 'టీ ఇ ఎల్' అనే మూడక్షరాలు ఉండాలి. అప్పుడే "తెలుగు పుస్తకాలు మాత్రమే చూపించు" అన్నది పనిచేస్తుంది.

7. ఏ కాలమ్ ఏ ఫీల్డులోకి

ఎక్సెల్ నుంచి మార్క్‌లోకి మార్చడానికి మార్క్ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. అందులో ప్రతి కాలమ్‌కూ ఫీల్డు నంబరు చెప్పాలి. టైటిల్ 245, రచయిత 100, తోటి రచయితలు 700, ఎడిషన్ 250, ప్రచురణ 260 లేదా 264, పేజీలు 300, ఐఎస్‌బీఎన్ 020, డ్యూయీ నంబరు (విషయాన్ని బట్టి పుస్తకానికి ఇచ్చే వర్గీకరణ నంబరు) 082, విషయం 650. తెలుగు సాహిత్యానికి డ్యూయీలో 894.827. పాత డేటాలో దీన్ని పాయింట్ లేకుండా కొట్టినవి కూడా దొరుకుతాయి, చూసుకోండి.

కాపీ వివరాలన్నీ కోహాలో 952లోకి వెళ్తాయి. ఆ ఫీల్డులో ఒక్కో వివరానికి ఒక అక్షరమో అంకో గుర్తుగా ఉంటుంది. అందులో 'పి' బార్‌కోడ్. 'ఎ' పుస్తకం ఏ లైబ్రరీది, 'బి' ఇప్పుడు ఎక్కడుంది. 'ఓ' కాల్ నంబర్, అంటే షెల్ఫ్‌లో పుస్తకం చోటు చెప్పే నంబరు. 'డి' కొన్న తేదీ. 'ఇ' ఎవరి దగ్గర కొన్నాం. 'జి' ధర. 'వై' ఐటమ్ రకం. '7' ఇంటికి ఇవ్వకూడదనే గుర్తు, '0' రద్దు చేసినది, '1' పోయినది. రద్దయిన పుస్తకాలను వదిలేయకుండా '0'తో గుర్తుపెట్టి తీసుకురండి. రిజిస్టర్‌లో నంబరు ఉండి కోహాలో లేకపోతే ఆడిటర్ అడుగుతారు. ఇక్కడ చోటు లేని పాత కాలమ్‌లు, బిల్లు నంబరు లాంటివి, 952లో 'ఎక్స్' అనే సిబ్బంది నోట్‌లోకి పంపండి.

8. కోహాను ముందు సిద్ధం చేయండి

లైబ్రరీ కోడ్, ఐటమ్ రకాలు, షెల్ఫ్ స్థానాలు, సభ్యుల రకాలు కోహాలో ముందే తయారుచేయాలి. మీ ఫైల్లో రాసిన కోడ్, కోహాలో పెట్టిన కోడ్ ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే లైబ్రరీ కోడ్ దగ్గర ఐటమ్‌లు ఎక్కవు, ఐటమ్ రకం దగ్గర ఇష్యూ నిబంధనలు పనిచేయవు. ఐటమ్ రకాలు ఎక్కువ పెట్టకండి. టెక్స్ట్‌బుక్, రిఫరెన్స్, బుక్ బ్యాంక్, బౌండ్ జర్నల్, ప్రాజెక్ట్ రిపోర్ట్ చాలు.

వెతుకులాటకు జీబ్రా అనే సెర్చ్ ఇంజిన్ వాడుతుంటే, తెలుగు కోసం దాన్ని ఐసీయూ అనే యూనికోడ్ పద్ధతికి మార్చమని సర్వర్ చూసుకునేవారికి చెప్పండి. మార్చాక మొత్తం మళ్లీ ఇండెక్స్ చేయాలి, అంటే వెతకడానికి వాడే పట్టికను కొత్తగా తయారుచేయాలి. ఈమెయిల్ పంపే సదుపాయం మాత్రం ఆపి ఉంచండి. పాత గడువు తేదీలు లోపలికి రాగానే కోహా రాత్రికి రాత్రి అందరికీ ఓవర్‌డ్యూ మెయిళ్లు పంపగలదు.

9. చిక్కు రికార్డులతో ట్రయల్

ట్రయల్ అంటే మొదటి రెండువందల రికార్డులు తీసుకోవడం కాదు. ఏరి ఏరి చిక్కువి తీసుకోండి: తెలుగు టైటిళ్లు, మూడు సంపుటాల సెట్లు, రచయిత లేనివి, సీడీతో వచ్చినవి, థీసిస్‌లు, నలభై కాపీలున్నవి, రద్దయినవి, రిజిస్టర్‌లో మొట్టమొదటి పది పుస్తకాలు. కోహాలోని స్టేజ్ రికార్డ్స్ టూల్ (ఫైలును ముందు పక్కన పెట్టి, తర్వాత కేటలాగ్‌లో చేర్చేది) ద్వారా ఎక్కించేటప్పుడు యూనికోడ్ పద్ధతి అయిన యూటీఎఫ్-8 ఎంచుకుని, రికార్డులోని ఐటమ్ డేటా కూడా తీసుకొమ్మని చెప్పండి. నచ్చకపోతే ఆ బ్యాచ్ మొత్తాన్ని వెనక్కి తీసే బటన్ స్టేజ్ చేసిన రికార్డుల పేజీలో ఉంది. నేను దాన్ని చాలాసార్లు వాడాను.

ట్రయల్‌ను మీరొక్కరే చూడకండి. కౌంటర్ దగ్గర రోజూ కూర్చునే అటెండర్‌ను పిలిచి, ఆ పుస్తకాలు ఇష్యూ చేయమనండి, రిటర్న్ తీసుకోమనండి. మా దగ్గర ప్రాజెక్ట్ రిపోర్టులు ఇంటికి ఇష్యూ అయిపోతున్నాయని పట్టుకున్నది మా అటెండర్ గారే.

తప్పు దొరికితే కోహాలో దిద్దకండి, ఎక్సెల్‌లో దిద్ది మళ్లీ ఎక్కించండి. కోహాలో దిద్దినది తర్వాతి ట్రయల్‌లో చెరిగిపోతుంది.

10. మారే వారం

సెమిస్టర్ పరీక్షలు అయ్యి, నో డ్యూస్ ముగిసి, ఎక్కువ పుస్తకాలు తిరిగొచ్చిన వారం ఎంచుకోండి. కొత్త అడ్మిషన్లప్పుడు, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు ఈ పని పెట్టుకోవద్దు. ఆ టెన్షన్‌లో తప్పులు కనపడవు.

పాత సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు ఆపేశాక చివరి ఎగుమతి తీయండి. ఆ మధ్య రోజుల్లో ఇచ్చిపుచ్చుకోవడాలు కాగితం మీద రాసుకోండి. చివరి ఫైలు ఎక్కించి, పూర్తి ఇండెక్స్ చేసి, మొదట్లో కాగితం మీద రాసుకున్న నాలుగు అంకెలు బయటికి తీయండి. కోహా రిపోర్టుల్లో టైటిళ్లు, ఐటమ్‌లు, ధరల మొత్తం లెక్కించి పక్కన రాయండి. తేడా ఉంటే ఏ నంబర్ల వల్లో తేలేదాకా లైబ్రరీ తెరవకండి.

సభ్యులను సీఎస్‌వీ నుంచి ఎక్కించవచ్చు, రోల్ నంబరే కార్డు నంబరు. పాస్ అయి వెళ్లిపోయినవారిని తేవాల్సిన పని లేదు, బాకీ ఉన్నవారిని తప్ప. బయట ఉన్న పుస్తకాలు కొన్ని వందలే అయితే పాత లిస్టు ప్రింట్ తీసుకుని, కోహాలో గడువు తేదీ చేత్తో వేస్తూ ఒక్కొక్కటీ ఇష్యూ చేయడమే మేలు. ఇద్దరు కూర్చుంటే, ఒకరు చదువుతూ ఒకరు కొడుతూ, ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది. అది అయ్యాకే ఈమెయిళ్లు తెరవండి.

ఆ సాయంత్రమే కోహా బ్యాకప్ తీసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోకండి.

11. షెల్ఫుల దగ్గరికి

కోహాలోని ఇన్వెంటరీ టూల్‌తో స్టాక్ వెరిఫికేషన్ చేయండి. ఒక్కో బీరువా బార్‌కోడ్లు స్కాన్ చేసి, ఆ ఫైలు ఇస్తే ఏవి లేవో, ఏవి తప్పుచోట ఉన్నాయో చెబుతుంది. తెరిచిన పుస్తకంలో స్టాంపు నంబరూ బార్‌కోడ్ నంబరూ ఒకటేనా అని బీరువాకు పది చొప్పున కంటితో చూడండి. లేబుల్ తారుమారైన పుస్తకాలు అలాగే బయటపడతాయి.

దొరకని పుస్తకాలను వెంటనే తొలగించకండి, 'పోయినవి'గా గుర్తుపెట్టి కమిటీ ముందు పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సంస్థలకైతే 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 215వ నియమం ఉంది. ఏడాదిలో ఇచ్చిన లేదా చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు వరకు పోవడాన్ని అది సహజమే అంటుంది, అందులో అజాగ్రత్త, మోసం లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకాలు, అరుదైన పుస్తకాలు పోతే మాత్రం విచారణ ఉండాలి. మిగతా కాలేజీలు తమ యూనివర్సిటీ, మేనేజ్‌మెంట్ నిబంధనలు చూసుకోవాలి.

పాత కంప్యూటర్‌ను కనీసం ఒక ఏడాది, ఒక ఆడిట్ గడిచేదాకా, ఎంట్రీలు చేయకుండా అలాగే ఉంచండి. కాగితపు ఆక్సెషన్ రిజిస్టర్‌లో చివరిగా రాసిన వరస కింద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, "ఈ నంబరు వరకు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కోహాకు మార్చబడినవి" అని తేదీ వేసి, మీరూ ప్రిన్సిపాల్ గారూ సంతకం చేయండి. దాని కింద ఆ రోజు తేలిన టైటిళ్లు, కాపీలు, మొత్తం ధర కూడా రాసిపెట్టండి. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునే వారు మొదట తెరిచేది ఆ పేజీనే.